కుడి పాదం – ఒకటి

కొండ మీద కాలేజీ వాళ్ళు మా మనవరాలిని ముసలిదాన్ని చేశారు. ఆమెకప్పుడు పదకొండేళ్ళు. ఇందులో వాదనకి తావు లేదు. కాగితం ఉంది, కాగితం మీద గుండ్రటి ముద్ర ఉంది, ముద్ర కింద పచ్చసిరా సంతకం ఉంది. 'అభ్యర్థిని వయోపరిమితి దాటిన కారణమున పరిశీలనకు అనర్హురాలు' అని రాశారు. నేను ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ మాత్రం తెలుగు నాకు అర్థమవుతుంది.

ఆ కాలేజీ పేరు రాయను. రాస్తే వాళ్ళకది ప్రచారం. లక్ష మంది దరఖాస్తు పెడితే అరవై మందిని తీసుకుంటారు. మిగతావాళ్ళకి విచారం తెలియజేస్తూ ఉత్తరాలు రాయడానికి ప్రత్యేకంగా రెండంతస్తుల మేడ కట్టారు. ఆ అరవైలో పది సీట్లు ఆటగాళ్ళవి. మార్కులు ఎన్నొచ్చినా ఆ పదిలో పడితే గేటు తెరుస్తారు. మాలాంటి ఇళ్ళ పిల్లలు ఆ గేటు దాటాలంటే ఉన్న దారి అదొక్కటే.

మనవరాలి పేరు తనూజ. మా అబ్బాయి గౌరినాయుడి కూతురు. కంచరవలస హైస్కూల్లో ఆరో తరగతి. ఆ పిల్ల పరిగెత్తుతుంది. ఆమె గురించి ఇంతకు మించి చెప్పాల్సింది లేదు.

నేను సర్వే డిపార్టుమెంటులో ముప్పై నాలుగేళ్ళు చైన్‌మ్యాన్‌గా చేశాను. సర్వేయరు కుర్చీలో కూర్చుంటే నేను గొలుసు పట్టుకుని పొలాలకడ్డంగా నడిచేవాణ్ణి. మూతపడ్డ చెరకు కాటా దగ్గర ఖాళీ స్థలం ఉంటే, నేనే కొలిచి రెండు వందల మీటర్ల చుట్టు గీశాను. నా కొలతలో వేలెడు తేడా ఉండదు. ఎనిమిది వందల మీటర్లు తనూజ రెండు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లలో ముగించింది. డ్రిల్లు మాస్టారు ముందు తన గడియారాన్ని అనుమానించాడు. తర్వాత నా కొలతని అనుమానించాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నా భార్య సన్యాసమ్మ అంతకు ముందు ఏడాది పోయింది. టౌన్లో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, కొంచెం ముందు తేవాల్సింది అన్నాడు. ఆ మాటకి నేను బదులు చెప్పలేదు. కాలేజీ వాళ్ళ కాగితం చదివినప్పుడు అదే మాట రెండోసారి విన్నట్టయింది. ఈసారి ఊరుకోలేదు. డ్రిల్లు మాస్టారిని వెంటబెట్టుకుని కొండెక్కాను.

గది బయట బోర్డు మీద 'ముందస్తు ప్రతిభా స్వీకరణ విభాగము' అని ఉంది. లోపల కృపానిధి గారని అధికారి ఉన్నాడు. తెల్లటి మనిషి, తెల్లటి బల్ల, బల్ల మీద పాలసీసాలు. మమ్మల్ని కూర్చోమని చెప్పి తమ విభాగం చరిత్ర చెప్పాడు. పదేళ్ళ కిందట వాళ్ళూ ఇంటర్ పాసైనవాళ్ళనే తీసుకునేవారట. సముద్రం పక్కన ఇంకొక కాలేజీ ఉంది. వాళ్ళు దొంగతనంగా పదో తరగతి పిల్లలకి ముందే సీట్లు రాసిచ్చారట. దాంతో వీళ్ళు ఎనిమిదో తరగతికి వెళ్ళారు. వాళ్ళు అయిదుకి వచ్చారు. వీళ్ళు ఒకటో తరగతి గుమ్మం ముందు జీపు నిలిపారు. వాళ్ళు అంగన్‌వాడీలో దూరి, గుడ్లు తింటున్న పిల్లలకి సీట్లిచ్చారు. ఇంక కొండ మీద కాలేజీ పరువు దక్కాలంటే మిగిలింది ఒక్కటే దారి. ఇప్పుడు ఆరో నెలలో తీసుకుంటున్నారు.

ఆరో నెల పిల్లాడు ఏం పరిగెత్తుతాడని అడిగాను.

కృపానిధి గారు జాలిగా నవ్వాడు. "ప్రతిభ రెండు విధములు. సహజము, సాధనాజన్యము. సాధన వలన వచ్చినది కల్తీ ప్రతిభ. ఇంతవరకు ఎన్నడూ పరిగెత్తని వానియందే పరుగు సంపూర్ణముగా ఉండును. మీ బాలిక నిత్యము పరిగెత్తుచున్నదా?"

"రోజూ సార్. వాన పడ్డా మానదు," అన్నాడు డ్రిల్లు మాస్టారు గర్వంగా.

కృపానిధి గారు ఫైలు తెరిచి 'ఒప్పుకోలు' అని రాసుకున్నాడు.

కొండ దిగి బస్సెక్కాం. బస్సు కదిలాక మాస్టారు, "బాబూ, నేను ఇరవై రెండేళ్ళ నించి పిల్లల్ని కల్తీ చేస్తన్నానన్నమాట," అన్నాడు. టిక్కెట్టు తీసుకోవడం మర్చిపోయి కండక్టరు చేత తిట్లు తిన్నాడు.

ఇంటికొచ్చి తనూజకి చెప్పాను, నువ్వు ముసలిదానివయ్యావట అని.

"మరి నువ్వేటి తాతా?" అంది.

నేను పోయినవాళ్ళ లెక్కలో ఉన్నానేమో, అడగలేదని చెప్పాను. ఆ పిల్ల నవ్వింది. కాలేజీ లేకపోతే పోయింది, జిల్లా పోటీలున్నాయి కదా అంది. జిల్లా పోటీల్లో మొదట నిలిచిన పిల్లని రాష్ట్రానికి పంపుతారని మాస్టారు చెప్పాడట. మర్నాడు పొద్దున్నే మళ్ళీ చెరకు కాటా దగ్గరికొచ్చింది. ఆ పిల్లకి కావలసింది అదే. పరిగెత్తడం. సీటు మా పెద్దవాళ్ళ కోరిక.

ఇక్కడ మా కోడలు హైమావతి కథలోకి వస్తుంది. తనూజ తర్వాత పదేళ్ళకి ఆమెకి కొడుకు పుట్టాడు. వాడి పేరు ఏదో సంస్కృతం. నాకు నోరు తిరగదు. బుల్లోడు అంటాను. కాలేజీలో నేను విన్న మాటలు ఇంట్లో తిట్టడానికి చెప్పాను. మా కోడలు అందులోంచి ఒకే ఒక్క ముక్క ఏరుకుంది. ఆరో నెల. బుల్లోడికి అయిదో నెల నడుస్తోంది.

అప్పటికే టౌన్లో పాకుడు కోచింగ్ సెంటర్లు వెలిశాయి. బస్టాండు ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ ఉంది. దాని మీద కోటు వేసుకున్న ఒక మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ ఇరవై నాలుగు మంది శిశువుల మొహాలు, మొహాల కింద ర్యాంకులు. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు. మట్టి నేల, గచ్చు, టైల్స్, చాప, అన్నింటి మీదా విడివిడిగా శిక్షణ. ఆదివారం మాక్ టెస్టు. బుల్లోడు మొదటి మాక్ టెస్టులో నిద్రపోయాడు. వాణ్ణి వెనకబడినవాళ్ళ సెక్షన్లో వేశారు.

సాధన చేస్తే కల్తీ అన్నారు కదా, మరి ఇదేమిటని కోటు మనిషిని అడిగాను. ఇది సాధన కాదు, అభిముఖీకరణ అన్నాడు. కాలేజీ వాళ్ళు ఆ మాటకి అనుమతి కాగితం కూడా ఇచ్చారట. దాన్ని ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకున్నాడు.

మా వైపు అన్నప్రాశన నాడు ఒక వేడుక ఉంది. పిల్లాడి ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి పెడతాం. పాకి ఏది పట్టుకుంటే పెద్దయ్యాక వాడు దాంతో బతుకుతాడని సరదా. మా గౌరినాయుడు బంగారం పట్టుకున్నాడు. ఇప్పుడు టైల్స్ షాపులో పెట్టెలు దించుతున్నాడు. సరదా కాబట్టి ఎవరూ ఎవరినీ నిలదీయలేదు. కాలేజీ వాళ్ళకి సరదాలు ఉండవు. వాళ్ళు దాన్ని నియమావళిలో చేర్చారు.

బుల్లోడి అన్నప్రాశనకి జీపు వచ్చింది. కృపానిధి గారు, గడియారం పట్టుకున్న కొలతల సహాయకుడు, వీడియో తీసే మనిషి దిగారు. ముహూర్తం విభాగమే పెట్టింది. పంతులు గారు అభ్యంతరం చెప్పలేదు. ఆయన మెళ్ళో అప్పటికే 'సహాయక పరిశీలకులు' అని కార్డు వేలాడుతోంది. పోయిన నెల నుంచి ఆయన మా దండాలకి తలాడించడం కూడా మానేశాడు.

వసారాలో పదడుగుల చాప పరిచారు. దాని మీద బంతి, బ్యాటు, రాకెట్టు, రిలే కర్ర, ఇనుప గుండు వరసగా పెట్టారు. ఈతకి గుర్తుగా గ్లాసుడు నీళ్ళు, మీద మూత. కబడ్డీకి వస్తువేమీ ఉండదు కాబట్టి, కబడ్డీ కోర్టు మట్టి ఒక చిటికెడు ఇత్తడి భరిణెలో పెట్టారు. మా కోడలు పుస్తకమూ కలమూ తెచ్చి పెడితే సహాయకుడు తీసి పక్కన పెట్టాడు. అవి జనరల్ కేటగిరీ అట. పాయసం గిన్నెని వంటింట్లోకి పంపేశారు. అది ప్రలోభం. ఇంట్లోవాళ్ళు పిలవకూడదు, చప్పట్లు కొట్టకూడదు, కళ్ళతో సైగ చేయకూడదు. బుల్లోడు అక్క మొహం కనబడకపోతే ఏడుస్తాడు. అందుకని తనూజని చాపకి ఆ చివర కూర్చోబెట్టారు. ఆ పిల్ల కాళ్ళు చాపుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

సన్యాసమ్మ ఉంటే ముందు పిల్లాడికి పాయసం నాకించేది. తర్వాతే జీపుని గుమ్మంలోకి రానిచ్చేది. ఆమె లేదు. ఈ ఇంట్లో నా మాటకి బలం లేదు.

బుల్లోణ్ణి బోర్లా పడుకోబెట్టారు. సహాయకుడు గడియారం నొక్కాడు. పదకొండు నిమిషాలు వాడు చాప నేతని పరిశీలించాడు. కొంచెం పాలు కక్కాడు. వీధి గోడ మీంచి కోటు మనిషి గోళ్ళు కొరుక్కుంటూ చూస్తున్నాడు. పన్నెండో నిమిషంలో బుల్లోడు బయల్దేరాడు. బంతిని చూసి ఆగలేదు. బ్యాటుని మోచేత్తో నెట్టాడు. ఇనుప గుండు మీద మూతి ఆనించి చొంగ కార్చాడు. హైమావతి దేవుడికి దండం పెట్టింది. కృపానిధి గారు చెయ్యెత్తి, "లాలాజలము ఉద్దేశము కాదు," అన్నాడు. వాడు ఇంకా పాకాడు. చాప చివరికి వెళ్ళి, తనూజ కుడి పాదాన్ని రెండు చేతులా పట్టుకుని బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.

కృపానిధి గారు పుస్తకం తిరగేశాడు. సహాయకుడు టేపు తీసి కొలిచాడు. తనూజ బొటనవేలు చాప అంచుకి రెండంగుళాలు లోపల ఉంది. అంచుకి లోపల ఉన్నది ఏదైనా సామగ్రియే అని నియమం.

"శిశువు పాదమును ఎంచుకొనినాడు," అన్నాడు కృపానిధి గారు. "పాదము పరుగునకు మూలము. మధ్యదూరపు పరుగు విభాగమున ఒక సీటు కేటాయించడమైనది."

మధ్యదూరం ఎందుకని గౌరినాయుడు అడిగాడు. పాకిన దూరం మధ్యస్థంగా ఉందట. మా కోడలు ఏడ్చేసింది. కోటు మనిషి గోడ మీంచి దూకి లోపలికొచ్చి బుల్లోడి ఫొటో తీసుకున్నాడు. సహాయకుడు రిజిస్టరులో రాశాడు. నేను అతని భుజం మీంచి చదివాను. 'ఎంపికైన వస్తువు: కుడి పాదం – ఒకటి. పొడవు: 21.5 సెంటీమీటర్లు. ఛాయ: చామన. స్థితి: వాడినది.'

మీరు ముసలిదని రాసి తిప్పి పంపింది ఈ పాదాన్నే అని కృపానిధి గారికి చెప్పాను. ఆయనకి కోపం రాలేదు. అభ్యర్థినికే వయోపరిమితి ఉందనీ, పాదానికి వయోపరిమితి నియమావళిలో లేదనీ చెప్పాడు.

అందరూ పాయసం తిన్నారు. జీపు వెళ్ళిపోయింది. తర్వాత చూస్తే తల్లి సంతకం పెట్టిన అంగీకార పత్రం పాయసం గిన్నె కింద ఉంది. ఆ రోజే అది విభాగానికి చేరకపోతే సీటు రద్దు. గౌరినాయుడి బండి ఎంత తన్నినా స్టార్టవలేదు. హైమావతి నెత్తి కొట్టుకుంటోంది. తనూజ గిన్నె ఎత్తి, కాగితం తుడిచి, చేత్తో పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది.

మా ఊరి నుంచి రైలు గేటు దాకా రెండున్నర కిలోమీటర్లు. ఆ మధ్యలో పదకొండు స్పీడ్ బ్రేకర్లున్నాయి. వార్డు మెంబరైన ప్రతివాడూ తన ఇంటి ముందు ఒకటి పోయించుకున్నాడు. మాజీ మెంబర్లు తీయించలేదు. బండి స్టార్టయ్యాక నేను వెనక కూర్చుని వెళ్ళాను. ఏడో స్పీడ్ బ్రేకరు దగ్గర జీపు ఆగి ఉంది. తనూజ కిటికీ పట్టుకుని నిలబడింది. ఒగురుస్తోంది గానీ నవ్వుతోంది. కొలతల సహాయకుడు గడియారాన్నే చూస్తున్నాడు. రెండో స్పీడ్ బ్రేకరు ఎక్కుతుండగా అద్దంలో ఆ పిల్ల కనబడితే, అలవాటు కొద్దీ నొక్కాడట. ఆ అంకె మెల్లిగా చదివాడు. మళ్ళీ చదివాడు. ఇంత వేగం మన కాలేజీలో ఎవరికీ లేదు సార్ అన్నాడు.

కృపానిధి గారు కాగితం అందుకోలేదు. దుమ్ముకొట్టుకుపోయిన ఆ పిల్ల కుడి పాదాన్ని చూస్తున్నాడు.

"ఈ పాదము పరిగెత్తినదా?"

"పరిగెత్తింది సార్," అంది తనూజ.

ఆయన జీపు దిగి నీడలోకి వెళ్ళి నియమావళి పద్నాలుగో క్లాజు చదివి వినిపించాడు. ఎంపికైన వస్తువుని శిశువు కాలేజీలో చేరే దాకా, అంటే పదహారేళ్ళు, ఎంపిక నాటి స్థితిలో భద్రపరచాలి. ఏటా తనిఖీ ఉంటుంది. వస్తువుని వాడితే సీటు రద్దు. బంతి అయితే బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పాదానికి తాళం వేయలేరు కాబట్టి, అరవై దాటిన, వేరే పని లేని ఒక మనిషిని దానికి సంరక్షకుడిగా నియమించి సంతకం తీసుకుంటారు. నడక వరకు ఒప్పుకుంటారు. పరుగు, గెంతు, తాడాట నిషేధం. అంగీకార పత్రం అప్పుడందుకున్నాడు; అది అందకముందు పరుగు లెక్కలోకి రాదట, సంరక్షకుడి సంతకానికి మాత్రం నాలుగు రోజులు గడువిచ్చాడు.

ఎడమ పాదం సంగతేమిటని అడిగాను.

"దాని విషయమున విభాగమునకు ఎట్టి అభ్యంతరము లేదు. అది యథేచ్ఛగా పరిగెత్తవచ్చును," అన్నాడు.

అరవై దాటి వేరే పని లేని మనిషిని మా ఇంట్లో నేనొక్కణ్ణే. సంతకం పెట్టనన్నాను. మూడు రోజులు ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. హైమావతి నాకు అన్నం పెట్టేది, తను తినేది కాదు. 'మావయ్యా, మీరు పెట్టకపోతే ఆడి బతుకు మీ చేతులారా పాడుచేసినట్టే' అని గోడ వైపు తిరిగి అనేది. మూడో రోజు సాయంత్రం గౌరినాయుడు నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచీ వాడు నా ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు.

"నాన్నా, నువ్వు గొలుసు మోసావు. నాను టైల్స్ మోస్తన్నాను. ఈడేటి మొయ్యాల?"

మరి నీ కూతురి సంగతేమిటి అన్నాను. వాడు తల దించుకుని వెళ్ళిపోయాడు. నేను తల దించలేదు. అంతే తేడా.

నాలుగో రోజు పొద్దున తనూజ అట్ట మీద కాగితం పెట్టుకుని, కలం మూత తీసి పట్టుకొచ్చింది.

"సంతకం ఎట్టీ తాతా."

"మరి జిల్లా పోటీలు?"

"ఆడు నా కాలే అట్టుకున్నాడు గదా," అంది. "బంతుంది, బ్యాటుంది, అన్నీ ఒగ్గేసి నా కాలికాడికే వొచ్చాడు. నానేటి సేస్తాను మరి?"

పెట్టాను. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒక్క తప్పుడు కొలతకి కూడా సాక్షి సంతకం చేయలేదు. తహసీల్దారు బెదిరిస్తే కూడా చేయలేదు. పదకొండేళ్ళ పిల్ల అడిగితే చేశాను.

మర్నాడే కొండ మీంచి తెల్ల మేజోడు వచ్చింది. ఒకటే, కుడికాలికి. దాని మీద 'విభాగపు సామగ్రి' అని అచ్చు వేసి ఉంది. అది తొడుక్కుని తనూజ బడికి నడిచి వెళ్ళింది. డ్రిల్లు మాస్టారు క్లాజు కాగితం నా దగ్గర తీసుకుని రెండు రోజులు చదివాడు. ఎడమకాలికి అనుమతి ఉంది కాబట్టి ఒంటికాలి మీద పోటీకి దింపుదాం అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు. అంత కష్టంలో ఉన్నాడు. తనూజ ఒంటికాలి మీద మైదానంలో ఎనభై మీటర్లు గెంతింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వి, వచ్చి నా పక్కన కూర్చుంది. జిల్లా పోటీలకి ఇంకొక పిల్లని పంపారు. ఆ పిల్ల పదమూడో స్థానంలో వచ్చింది.

ఏడాది తిరిగాక తనిఖీ జరిగింది. సహాయకుడు మేజోడు విప్పి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. పాదం 22.6 ఉంది. వారంలో నాకు నోటీసు వచ్చింది. 'భద్రపరచిన వస్తువు పదకొండు మిల్లీమీటర్లు పెరిగినది. కారణము తెలుపుడు.' నేను కార్డు మీద 'పిల్ల పెరిగింది' అని రాసి పంపాను. దానికి జవాబు వచ్చింది. 'నియమావళియందు పెరుగుదలకు అవకాశము లేదు. కావున వస్తువు మార్పిడి జరిగినట్లు భావించబడుచున్నది.'

పాదం ఎక్కడ మారుస్తారో, మార్చే అంగడి ఎక్కడుందో చెబితే నా మోకాళ్ళు కూడా మార్పించుకుంటానని రాశాను. దాని మీద త్రిసభ్య సంఘం వేశారు.

సంఘం ముందు హాజరవడానికి తనూజని తీసుకుని కొండెక్కాను. వరండాలో మాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. ఒకడి బ్యాటుకి చెదలు పట్టింది. ఒకావిడ గాలి దిగిపోయిన బంతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈతకి ఎంపికైన పిల్లాడి తండ్రి ఖాళీ గ్లాసు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. నీళ్ళు ఆవిరైపోయాయి. మూత సరిగానే పెట్టామని, దేవుడి తోడని, కనబడినవాళ్ళందరికీ చెబుతున్నాడు. వేరే నీళ్ళు పోసుకోవచ్చు కదయ్యా అన్నాను. ఆయన నన్ను దొంగని చూసినట్టు చూశాడు.

సంఘం వాళ్ళు తనూజని గాజుగదిలో బల్ల మీద నిలబెట్టి పాదం చుట్టూ తిరిగారు. ముగ్గురిలో ఒకడు అది అదే పాదమన్నాడు. ఒకడు కాదన్నాడు. మూడోవాడు ఒకప్పుడు అదే పాదం అయివుండవచ్చునన్నాడు. నిర్ణయం వాయిదా పడింది. ఇట్లా నాలుగుసార్లు కొండెక్కాం, నాలుగుసార్లు వాయిదా పడింది. రెండో ఏడాది పాదం 23.4 అయింది. మా కోడలు బిగుతు చెప్పులు కొనుక్కొచ్చింది. నేను వాటిని పట్టుకెళ్ళి కాలువలో పారేశాను. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఈలోగా తనూజ నడిచేది. నెమ్మదిగా, జాగ్రత్తగా, కుడిపాదం నేల మీద పెట్టే ముందు చూసుకుని నడిచేది. వాన వస్తే బడి పిల్లలందరూ పరిగెత్తేవారు. ఈ పిల్ల తడుస్తూ నడిచొచ్చేది. నేను సంరక్షకుణ్ణి. గొడుగు పట్టుకుని పక్కన నడిచేవాణ్ణి.

రెండున్నరేళ్ళ తర్వాత కొండ మీంచి ఆఖరి ఉత్తరం వచ్చింది. సముద్రం పక్కన కాలేజీ వాళ్ళు సీమంతాలకి వెళ్ళడం మొదలుపెట్టారట. కడుపులో బిడ్డ ఎన్నిసార్లు తన్నిందో లెక్కపెట్టి ఫుట్‌బాల్ సీట్లిస్తున్నారట. కాబట్టి కొండ మీద కాలేజీ పరువు నిలుపుకోవడానికి ఒక అడుగు ముందుకు వేసింది. ఇకపై పెళ్ళిచూపుల దగ్గరే ఎంపిక. పుట్టినవాళ్ళని తీసుకోవడం పూర్తిగా మానేశారు. ఉత్తరంలో చివరి పేరా ఇది: 'తమ శిశువు జన్మించియుండుట చేత వయోపరిమితి దాటినాడు. కేటాయింపు రద్దు చేయడమైనది. భద్రపరచిన వస్తువును విభాగము విడుదల చేయుచున్నది. ఇకపై దానిని యథేచ్ఛగా వినియోగించుకొనవచ్చును. సహకారమునకు కృతజ్ఞతలు.'

వసారాలో అందరూ ఉన్నారు. నేను పైకి చదివాను. హైమావతి కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళింది. గౌరినాయుడు ఉత్తరం తీసుకుని, ముద్ర ఒకసారి వేలితో తడిమి, టైల్స్ షాపుకి టైమయిందని వెళ్ళిపోయాడు. బుల్లోడు కోడిపిల్ల వెంటపడి పెరడంతా తిరుగుతున్నాడు.

"అయితే పరిగెత్తొచ్చా తాతా?" అంది తనూజ.

పరిగెత్తొచ్చు అన్నాను.

ఆ పిల్ల మెట్టు మీద కూర్చుని మేజోడు విప్పింది. మడిచి పక్కన పెట్టింది. ఇప్పుడామెకి పదమూడు దాటాయి, నా భుజం దాకా వచ్చింది. వీధిలో నిలబడి రెండు కాళ్ళూ ఒకసారి నేలకి తాటించింది. దుమ్ము లేచింది. మొదట నడిచింది, అలవాటు ప్రకారం. తర్వాత పరిగెత్తింది. రేషన్ డిపో దాకా పరిగెత్తి, తిరిగి ఇంటి దాకా పరిగెత్తింది. నేను గుమ్మంలో నిలబడి మొదటి నుంచి చివరి దాకా చూశాను. నా కళ్ళకి పొర లేదు. దూరం ఎంతో, ఎంతసేపు పట్టిందో, అడుగు ఎలా పడిందో, ఒకప్పుడు ఎలా పడేదో, అన్నీ నాకు తెలుసు.

వచ్చి నా ఎదురుగా నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని, "ఎలగుంది తాతా?" అని అడిగింది.

ఆ పిల్లకి చెప్పలేదు. డ్రిల్లు మాస్టారు ఇంటికొచ్చి అడిగాడు, ఆయనకీ చెప్పలేదు. మీకూ చెప్పను. ఈ విషయం మీద నా నోటి వెంట ఇంకొక మాట రాదు.